ప్రధాన శత్రువు ఎవరో సాయంత్రంలోగా చెబుతాం

ఎన్నికలు దగ్గరపడితే మామూలు పార్టీలు అభ్యర్థుల్ని వెతుక్కుంటాయి. వామపక్షాలు ముందు ప్రధాన శత్రువును వెతుక్కుంటాయి. శత్రువు తేలితే మిత్రుడు వాడంతట వాడే తేలతాడు. మిత్రుడు తేలితే ఎన్ని సీట్లు అడగాలో తెలుస్తుంది. అడిగాక ఎన్ని ఇవ్వరో కూడా తెలుస్తుంది. ఇంత పద్ధతిగా సాగే ప్రక్రియను పట్టుకుని సీట్ల కోసం పడిగాపులని రాసే వాళ్లకు గతితర్కం, అంటే వైరుధ్యాల నుంచే మార్పు పుడుతుందనే మార్క్సిస్టు తర్కం, తెలియదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

ఏ శాస్త్రానికైనా ప్రయోగశాల కావాలి. ఈ శాస్త్రానికి మునుగోడును మించింది లేదు. సీపీఐ ఐదుసార్లు గెలిచిన నియోజకవర్గం అది. 2018లో సీపీఐ కాంగ్రెస్‌తో కలిసి మహాకూటమిలో ఉంది కాబట్టి కంకి కొడవలి ఓటర్లు చేతి గుర్తుకు వేయాలి. వేశారు. కాంగ్రెస్ అభ్యర్థి కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి గెలిచారు. 2022లో ఆయన రాజీనామా చేసి, బీజేపీలో చేరి, ఉప ఎన్నికలో మళ్లీ నిలబడ్డారు. మతతత్వ శక్తుల్ని నిలువరించే చారిత్రక కర్తవ్యం ముంచుకొచ్చింది. ఈసారి కారు గుర్తుకు వేయాలన్నారు. వేశారు. ఆయన ఓడారు. 2023 అక్టోబరులో ఆయన తిరిగి కాంగ్రెస్‌లోకి వచ్చేశారు. ఈలోగా సీపీఐ కూడా కాంగ్రెస్ దగ్గరికి వచ్చేసింది. మునుగోడు మాకివ్వండని అడిగింది కూడా. ఇవ్వలేదు. మళ్లీ చేతి గుర్తే. ఆయన మళ్లీ గెలిచారు.

అయిదేళ్లలో ఒకే మనిషికి మద్దతిచ్చి, అదే మనిషిని ఓడించి, మళ్లీ ఆయనకే మద్దతివ్వడం ఇంకే పార్టీ వల్లనైనా అవుతుందా? ఇందులో సిద్ధాంతం ఎక్కడా చెడలేదని గమనించాలి. రాజగోపాల్ రెడ్డి పార్టీలు మారారు. సీపీఐ మారలేదు, నిర్దిష్ట పరిస్థితులు మారాయి.

చండూరు వైపు మాకు వరసకు పెద్దనాయన ఒకాయన ఉన్నాడు. ఊహ తెలిసినప్పటి నుంచి ఎర్రజెండాయే. "ఇన్నిసార్లు గుర్తులు మారితే పరేషాన్ కాలేదా పెద్దనాయినా?" అని అడిగాను. "పరేషాన్ ఎందుకురా, పోయేముందు ఆఫీసుల అడిగి పోతం" అన్నాడు. ఉప ఎన్నిక ప్రచారంలో ఆయన మెడలో రెండు కండువాలుండేవి. ఎర్రది సొంతం, ఎప్పటిదో నూలుది. గులాబీది మిత్రపక్షం వాళ్లు ఆ పూట పంచిపెట్టింది, జారిపోయే రకం. ఊరేగింపు అయ్యేసరికి చెమటకు ఎరుపు కరిగి గులాబీకి అంటుకుంది. గులాబీ మాత్రం ఎరుపుకు ఒక్క చుక్క అంటలేదు. ఓట్ల బదిలీ మీద ఎంత విశ్లేషణ చదివినా నాకు ఇంత తేలిగ్గా అర్థం కాలేదు.

ఆ ఎన్నికలో టీఆర్‌ఎస్ మెజారిటీ 10,309. ఆ మెజారిటీ మా ఓట్లదేనని ఎర్రజెండాల వాళ్లు అన్నారు. నిజమే కావచ్చు, లెక్క చూస్తే నాకూ అలాగే అనిపిస్తుంది. ఆ ఉత్సాహం రెండున్నర నెలల తర్వాత, 2023 జనవరి 18న ఖమ్మం సభ దాకా నడిచింది. కేసీఆర్ పక్కన వేదిక మీద అప్పటి కేరళ ముఖ్యమంత్రి, సీపీఎం నేత పినరయి విజయన్, సీపీఐ నేత డి.రాజా. దేశానికి ప్రత్యామ్నాయం ఖమ్మంలో పురుడు పోసుకుంటోందని చాలామంది నమ్మారు.

ఆగస్టు 21న కేసీఆర్ అభ్యర్థుల జాబితా విడుదల చేశారు. 119కి గాను ఒకేసారి 115 పేర్లు. అందులో వామపక్షాలకు ఒక్కటీ లేదు. అయినా ఆశావాది ఇక్కడ ఆగకూడదు. నాలుగు సీట్లు ఖాళీ ఉంచారు కదా! వాటిలో ఒకటి బీజేపీ చేతిలో ఉన్న గోషామహల్, ఇంకొకటి నాంపల్లి. పీడిత జనం పక్షాన గోషామహల్ అడిగి ఉండాల్సిందని నేనిప్పటికీ అంటాను. డిపాజిట్ పోయేది, కానీ ప్రధాన శత్రువు ఎదురుగానే ఉండేవాడు.

మిత్రధర్మం పాటించలేదని రెండు పార్టీలూ బాధపడ్డాయి. ఇకమీదట సీపీఐ, సీపీఎం కలిసే నడుస్తాయని ప్రకటించాయి. ఈ ప్రకటన బరువు తెలియాలంటే భూగోళం కొంచెం తెలియాలి. సీపీఐ రాష్ట్ర కార్యాలయం మఖ్దూం భవన్ హిమాయత్‌నగర్‌లో ఉంది. సీపీఎం వారి ఎంబీ భవన్ ముషీరాబాద్ వైపు. ఆటో ఎక్కితే పెద్ద దూరం కాదు. కానీ 1964లో మన తెనాలిలో సదస్సు పెట్టి విడిపోయే దారి పట్టినప్పటి నుంచి, ఆ దూరం ఎవరూ పూర్తిగా దాటలేదు. దాటబోయినప్పుడల్లా మధ్యలో మూడో పార్టీ ఇల్లు తగులుతుంది.

2018లోనే చూడండి. సీపీఐ కాంగ్రెస్, తెలుగుదేశంతో మహాకూటమి కట్టింది. సీపీఎం పాతిక పైచిలుకు పార్టీలను పోగేసి బహుజన లెఫ్ట్ ఫ్రంట్ పెట్టింది. బీసీని ముఖ్యమంత్రిని చేస్తామంది. ఒక కూటమిలో పెద్ద పార్టీలు ఎక్కువ, ఇంకో కూటమిలో పార్టీలే ఎక్కువ. సీపీఐకి మూడు సీట్లిచ్చారు, మూడూ పోయాయి. ఫ్రంట్ వంద పైచిలుకు చోట్ల పోటీ చేసింది, అన్నీ పోయాయి. సాయుధ పోరాటం నడిచిన నేల మీద, అసెంబ్లీలో ఒక్క కమ్యూనిస్టు లేకుండా పోయాడు. 1952లో ఇదే నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్లారు. అప్పుడు పార్టీ నిషేధంలో ఉంది కాబట్టి పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో పోటీ చేశారు. పార్టీ పేరు వాడకపోతేనే అంత బాగా వచ్చాయి కదా అని నాబోటి వాడు అనకూడదు, అనడం లేదు.

2023లో కలిసే నడుస్తామన్నారు కాబట్టి ఇద్దరూ కలిసి కాంగ్రెస్ గుమ్మం ముందుకు నడిచారు. సీపీఎం భద్రాచలం, పాలేరు, మిర్యాలగూడ, వైరా అడిగింది. కాంగ్రెస్ వాళ్లు ఇస్తామన్నట్టు, ఇవ్వలేమన్నట్టు, ఢిల్లీని అడగాలన్నట్టు మాట్లాడారు. గడువులు పెట్టారు. గడువు తీరింది. మళ్లీ పెట్టారు. బూర్జువా పార్టీల గోడ గడియారానికి ముల్లుండదు అన్న సంగతి రాష్ట్ర కార్యదర్శివర్గంలో చర్చకు వచ్చే లోపే నామినేషన్ల తేదీ వచ్చింది. నవంబరు మొదటి వారంలో సీపీఎం ఒంటరి పోరు ప్రకటించి, చివరికి 19 చోట్ల నిలబడింది. సీపీఐ కొత్తగూడెం ఒక్కటీ తీసుకుని, తర్వాత ఎమ్మెల్సీలు ఇస్తామన్న మాటా తీసుకుని కూటమిలో ఉండిపోయింది. కలిసే నడుస్తామన్న మాట ఎక్కడా తప్పలేదు, గుమ్మం దాకా కలిసే నడిచారు. తర్వాత ఎవరి చెప్పులు వాళ్లు వేసుకున్నారు.

ఫలితాల్లో సీపీఐకి 0.34 శాతం, సీపీఎంకు 0.22 శాతం. నోటాకు 0.73. ఆ లెక్కన రాష్ట్రంలో పొత్తు పెట్టుకోవాల్సిన మూడో శక్తి నోటాయే. పైగా అది సీట్లు అడగదు. ఈ ప్రతిపాదన మీద నేను గట్టిగానే ఉన్నాను.

ఆంధ్రలో కథ పొట్టిది. 2019లో పవన్ కల్యాణ్‌తో, 2024లో కాంగ్రెస్‌తో. రెండుసార్లూ సున్నా. సున్నాలో నిలకడ ఉంది, తెలంగాణలో అదీ లేదు.

కేరళ నుంచి ఎవరైనా వచ్చి ఇదేం పొత్తని అడిగితే తడుముకోవాల్సిన పని లేదు. 2024లో వయనాడ్‌లో రాహుల్ గాంధీ మీద సీపీఐ తమ నాయకురాలు అన్నీ రాజాను నిలబెట్టింది. అదే ఎన్నికల్లో ఖమ్మంలో సీపీఐ కార్యకర్త చేతి గుర్తుకు వేయమని ఇల్లిల్లూ తిరిగాడు. రాహుల్ ఒకచోట ఓడాలి, ఆయన పార్టీ ఇంకొకచోట గెలవాలి. పశ్చిమ కనుమలు దాటితే వైరుధ్యం స్వభావం మారుతుందని పార్టీ పాఠశాల తరగతుల్లో చెప్పే ఉంటారు.

ఇక కొత్తగూడెం. నిందలు వేసేవాళ్లు అక్కడి ఫలితం చూడరు. సీపీఐ రాష్ట్ర కార్యదర్శి కూనంనేని సాంబశివరావు 26,547 ఓట్ల మెజారిటీతో గెలిచారు. రెండో స్థానంలో బీఆర్‌ఎస్ వస్తుందనుకుంటారు. రాలేదు. సింహం గుర్తు మీద ఆల్ ఇండియా ఫార్వర్డ్ బ్లాక్ అభ్యర్థి వచ్చారు. నేతాజీ పెట్టిన పార్టీ, బెంగాల్ లెఫ్ట్ ఫ్రంట్‌లో దశాబ్దాల భాగస్వామి. అంటే మొదటి రెండు స్థానాలూ వామపక్షాలవే. దేశంలో ఎర్రజెండా ఇంత వెలిగిన నియోజకవర్గాలు ఎన్ని ఉంటాయి? కేరళలో కూడా రెండో స్థానం కాంగ్రెస్‌కు వదిలేస్తారు.

ఆ రెండో స్థానం కామ్రేడ్ పేరు జలగం వెంకటరావు. శ్రీకాకుళంలో నక్సలైట్లను అణచిన హోం మంత్రిగా, తర్వాత ముఖ్యమంత్రిగా పేరున్న జలగం వెంగళరావు కుమారుడు. అంతకుముందు టీఆర్‌ఎస్ ఎమ్మెల్యే. వర్గ స్వభావం మార్చుకుని శ్రామికవర్గం వైపు రావడం ఎంత కష్టమో తెలిసినవాళ్లు ఆయన్ను అభినందించాలి. 2024 మార్చిలో ఆయన బీజేపీలో చేరారు. ఫార్వర్డ్ బ్లాక్‌కు బీ ఫాం ఖర్చు తప్ప పెద్ద నష్టం లేదు.

ఈ పరిణామాలన్నీ పోను, అసెంబ్లీలో ప్రస్తుతం వామపక్షాల బలం ఒకటి. 2018తో పోల్చితే పెరుగుదల శాతం లెక్క కట్టడానికి గణితం కూడా ఒప్పుకోదు. పైగా సభ్యుడు ఒక్కరే కాబట్టి, శాసనసభా పక్షంలో చీలిక వస్తుందన్న టెన్షన్ ఈ అయిదేళ్లూ ఎవరికీ అక్కర్లేదు.