అయ్యవారికి తగిన పని

జట్టులో ఎవరికి ఏ పని అప్పగిస్తే రాణిస్తారో తెలుసుకోవడానికి కంపెనీలు లక్షలు పోసి ట్రైనింగులు పెట్టించుకుంటాయి. స్టార్ హోటల్లో రెండు రోజులు, మధ్యలో బఫే. ఎందుకండీ అంత దండగ? మన రెండు తెలుగు రాష్ట్రాలు ఆ సూత్రాన్ని ఎప్పుడో కనిపెట్టేశాయి. ఏ పనికైనా తగినవాడు బడిపంతులు. ఒక్క పాఠం చెప్పడానికి తప్ప.

2020 మే 4. లాక్‌డౌన్‌లో నలభై రోజులు మూతపడ్డ మద్యం దుకాణాలు ఆంధ్రప్రదేశ్‌లో తెరుచుకున్నాయి. జనం ఎగబడ్డారు. విశాఖ జిల్లాలో ఆ క్యూలు చూసుకోవడానికి టీచర్లకు డ్యూటీ వేశారు. అప్పట్లో కొందరు నొచ్చుకున్నారు గానీ, నిదానంగా ఆలోచించండి. వరుసలో నిలబెట్టడం, తోసుకోవద్దని గదమడం, మధ్యలో దూరినవాణ్ని చెవి పట్టుకుని వెనక్కి పంపడం వాళ్లకు కొత్తా? పైగా క్యూలో ఎంతమంది పాత శిష్యులో! ఒకప్పుడు బడికి రమ్మంటే చెరువు గట్టుకు పారిపోయినవాళ్లు ఆ రోజు మండుటెండలో సారు చెప్పినంత దూరంలో బుద్ధిగా నిలబడి ఉంటారు. హాజరు నూటికి నూరు.

2009 నాటి విద్యాహక్కు చట్టంలో 27వ సెక్షన్ ఒకటుంది. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప చదువుకు సంబంధం లేని పనులు టీచర్లకు చెప్పకూడదట. నలభై రోజులు గొంతు తడవని జనానికి సీసా అందేలా చూడటం విపత్తు సహాయం కాక మరేమిటి?

2024 నవంబరులో తెలంగాణ కులగణన వచ్చింది. 36 వేలకు పైగా ఎస్జీటీలను, అంటే చిన్న తరగతుల పంతుళ్లను, ఇంటింటికీ పంపారు. ప్రాథమిక బడులు ఒంటిపూటే. పొద్దున ఎక్కాలు, మధ్యాహ్నం 75 ప్రశ్నల ఫారం. ఆస్తి ఎంత, అప్పు ఎంత అని కన్నకొడుకే అడగలేని ప్రశ్నలు. పంతులు అడిగితే చెబుతారు, చిన్నప్పటి భయం అలాంటిది. చెప్పాక మెల్లగా, "రేషన్ కార్డు పోతదా సారూ?" అని ఎదురుప్రశ్న. దానికి జవాబు ఫారంలో లేదు.

ఆంధ్రలో కొన్నేళ్లు బడి మరుగుదొడ్లు ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించే బాధ్యత కూడా టీచర్లదే. వెలుతురు సరిపోవాలి, నేల మెరవాలి, నెట్ రావాలి. తర్వాత ఆ పని తీసేశారు. చెయ్యి తిరిగే వేళకు కళను ఇలా మధ్యలో తుంచెయ్యడం నాకైతే నచ్చలేదు. "అయ్యవారు ఏం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారు" అనే సామెతను "తీసిన ఫొటోలు ఎక్కిస్తున్నారు" అని మార్చుకుందామనుకున్నాను. అంతలోనే ఆపేశారు.

గాడిద పని గాడిద, కుక్క పని కుక్క చెయ్యాలన్న కథ మాత్రం పంతుళ్లు ఈ మధ్య చెప్పడం మానేశారని విన్నాను. పిల్లలు నవ్వుతున్నారట.

ఏకోపాధ్యాయ బడిలో సారు డ్యూటీకి వెళ్తే పాఠం ఏమవుతుందని అడక్కండి. ఐదో తరగతి లీడరమ్మాయి ఉందిగా. బెత్తం పట్టుకుని రెండో తరగతి వాళ్ల చేత ఏడో ఎక్కం గట్టిగా చెప్పిస్తోంది. పుట్టుకతో టీచరు. పెద్దయ్యాక డీఎస్సీ రాస్తుంది, మొదటిసారే కొడుతుంది. అప్పుడు తనను ఏ క్యూ దగ్గర నిలబెడతారో చూడాలి.