రిజిస్టరులో నలభై మంది, చదివేది ఎందరు?

సాయంత్రం ట్యూషన్ కేంద్రాలు నడిపేవారి నివేదికలు రెండు ముక్కల దగ్గరే ఆగిపోతున్నాయి: ఇన్ని ఊళ్లలో తెరిచాం, ఇంతమంది పిల్లలు వస్తున్నారు. వచ్చినవారిలో చదవడం పట్టుబడింది ఎందరికి అన్న గడే ఉండదు. నింపాల్సి వస్తుందన్న భయంతోనే గీయలేదేమో!

పల్లె పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2024 లెక్క ప్రకారం పల్లెల్లోని ప్రభుత్వ బడుల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది 44.8 శాతమే. మిగతావారూ ఆరులోకి వెళ్లిపోతారు. అలాంటి పిల్లవాడు సాయంత్రం కేంద్రానికి వస్తే చేయిస్తున్నది ఆరో తరగతి హోంవర్కు, అంటే గైడు చూసి దించుకోవడం. నోటుపుస్తకం నిండుతుంది, రిజిస్టరులో హాజరు పడుతుంది. ‘పుస్తకం’లో త వత్తు మింగేసి ‘పుసకం’ అని చదువుతున్న సంగతి ఎవరి చెవినా పడదు.

హోంవర్కైనా చేయిస్తే బడిలో దెబ్బలు తప్పుతాయి, ఏమీ లేనిదానికన్నా నయం కదా అనేవారున్నారు. పిల్లల్ని కొట్టడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టమే నిషేధించింది. దానికోసం వేరే కేంద్రం అక్కర్లేదు.

ఏం చేయాలో తెలియని పని కాదిది. మొదటి వారంలో ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని పది నిమిషాలు చదివించాలి: అక్షరాలు, గుణింతాలు, చిన్న మాటలు, నాలుగు వాక్యాల పేరా, ఆపైన చిన్న కథ. ఎక్కడ ఆగితే అక్కణ్నుంచే మొదలు. లెక్కల్లో తప్పు ఎంత అన్నదానికన్నా ఎలా వచ్చిందన్నది చూడాలి. 52లోంచి 27 తీసేసి 35 అని రాసిన పిల్లకు తీసివేత బొత్తిగా రాదనుకుంటే పొరపాటు. పెద్ద అంకెలోంచే చిన్నది తీయాలని నేర్చుకుంది, అందుకే ఏడులోంచి రెండు తీసింది. ఇంకో యాభై లెక్కలిస్తే యాభైసార్లూ అదే చేస్తుంది. పది పుల్లల కట్ట ఒకటి విప్పి చేతిలో పెడితే అప్పు తేవడమంటే ఏమిటో కళ్లకు కనిపిస్తుంది.

ఆ తర్వాత తరగతి మరచిపోయి, స్థాయిని బట్టి జట్లు కట్టాలి. మూడో తరగతి పిల్ల పక్కన కూర్చోవడం ఆరో తరగతివాడికి నామోషీ, కాబట్టి స్థాయి పేరు పైకి అనకూడదు. జట్టులో ఆరుగురికి మించొద్దు. గంటన్నరలో నలభై మందిని ఒక్కరే చదివించాలంటే తలకు రెండు నిమిషాలు దక్కడం గగనం. హోంవర్కుకు చివరి ఇరవై నిమిషాలు చాలు. నెలన్నరకోసారి మొదటి పరీక్షే మళ్లీ పెట్టాలి, ఫలితం పిల్లల పేరున కార్డు మీద ఉండాలి. లేకపోతే డిగ్రీ పరీక్షలొచ్చి చదువు చెప్పే వాలంటీరు మానేసిన రోజే ఆ సమాచారమంతా పోతుంది. (గౌరవ వేతనం నెలల తరబడి ఆపితే పరీక్షల దాకా కూడా ఆగరు.)

రిజిస్టరు ఇవేవీ అడగదు. రానివారి గురించి అసలే అడగదు. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో వాలంటీర్ల చదువు శిబిరాలపై జరిగిన అధ్యయనం 2010లో వెలువడింది. శిబిరానికి వచ్చిన పిల్లలకు చదవడం అబ్బింది, కానీ వచ్చినవారు దాదాపు 8 శాతమే. తమ్ముణ్ని ఎత్తుకున్న ఆడపిల్ల రాదు. చీకట్లో ఒంటరిగా తిరిగి వెళ్లాల్సిన పిల్ల రాదు. తమ్ముడికీ చాప మీద ఇంత చోటిచ్చి, పొద్దుగూకకముందే వదిలేస్తే వీరిలో కొందరైనా వస్తారు. పేరే ఎక్కని పిల్లలు గైర్హాజరు లెక్కలోకి రారు కాబట్టి కేంద్రం మాత్రం ఎప్పుడూ కళకళలాడుతున్నట్టే ఉంటుంది.

సొంత బిడ్డకు ట్యూషన్ పెట్టేటప్పుడు బ్యాచిలో ఎంతమంది, వెనకబడితే ఎవరు చూస్తారు అని అడగని అధికారి గానీ దాత గానీ ఉన్నారా? అదే పెద్దలు పల్లె పిల్లల దగ్గరికొచ్చేసరికి తలలు లెక్కపెట్టుకుని సంతకం చేసి కారెక్కుతున్నారు. ఇది కపటం, ఇంకో పేరు లేదు. ఈసారి తనిఖీకి వెళ్లినప్పుడు ఆ రిజిస్టరు మూసి పక్కన పెట్టండి. వెనక వరసలోని పిల్లను పిలిచి నాలుగు వాక్యాలు చదివించండి. ఆమాత్రం ఓపిక లేనివారు రిబ్బను కత్తిరించడానికీ రావద్దు.