సవరణ: 250 గంటలతో చార్టర్ కెప్టెన్ ఉద్యోగం

అమెరికాలో 250 గంటలు విమానం నడిపి కమర్షియల్ లైసెన్స్ రాగానే పార్ట్ 135 (అద్దె విమానాల నిబంధనలు) కింద నడిచే చార్టర్‌లో కెప్టెన్‌గా చేరవచ్చని ముందు పోస్టులో ఉంది. అది సరికాదు. వీఎఫ్ఆర్‌కే (బయటికి కంటితో చూస్తూ నడపడానికే) మొత్తం 500 గంటలు కావాలి. అందులో 100 క్రాస్‌కంట్రీ (ఒక చోటి నుంచి మరో చోటికి ప్రయాణం), ఆ వందలో 25 రాత్రివి. ఐఎఫ్ఆర్ (బయట కనిపించకపోయినా పరికరాలు చూసి నడపడం) అయితే 1200 గంటలు: 500 క్రాస్‌కంట్రీ, 100 రాత్రి, 75 ఇన్‌స్ట్రుమెంట్. ఇబ్బందంతా రాత్రి గంటలతోనే. పగలంతా విమానంతో ప్రకటన బ్యానర్లు లాగితే మొత్తం పెరుగుతుంది గానీ ఆ గడి నిండదు.

శిక్షణ ఇవ్వడం, బ్యానర్లు లాగడం, 25 మైళ్ల లోపు స్కైడైవింగ్ పార్ట్ 135 కిందికి రావు; తక్కువ గంటలవాళ్లు వెతకాల్సింది అక్కడే. అయితే బీమా కంపెనీ ఎన్ని గంటలు అడుగుతుందో దరఖాస్తుకు ముందే కనుక్కోండి. చార్టర్‌లో కుడి సీటు (కో-పైలట్ స్థానం) ఇస్తామంటే, రెండో పైలట్ నిబంధనల ప్రకారం తప్పనిసరా, లేదా ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) ఆమోదించిన ఎస్ఐసీ (సెకండ్ ఇన్ కమాండ్, అంటే రెండో పైలట్) ప్రోగ్రాం ఉందా అని అడగండి. రెండూ లేకపోతే ఆ గంటలు ఎస్ఐసీగా లాగ్‌బుక్కులోకి ఎక్కవు.