సవరణ: పైడిరాజు గారు చిత్రకారుడు మాత్రమే కాదు

అంట్యాకుల పైడిరాజు గారి గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి, క్షమించండి. శాంతినికేతన్‌లో చదివారని రాశాను, కాదు, మద్రాసు ఆర్ట్ స్కూల్లో దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర నేర్చుకున్నారు. మెరీనా బీచ్‌లో నలుగురు కూలీలు ఒంగి బండరాయిని కదిలిస్తున్న విగ్రహం ఉంటుంది చూడండి, అది చేసింది ఆ గురువుగారే.

రెండోదే నాకు ఎక్కువ బాధగా ఉంది. 'చిత్రకారుడు' అని ఒక్క ముక్కతో సరిపెట్టేశాను. 1919లో బొబ్బిలిలో పుట్టి, విజయనగరంలో స్థిరపడి ఎంతోమందికి బొమ్మలు నేర్పిన ఆయన శిల్పాలు చేశారు, రచనలూ చేశారు. ఆయన వేసిన పల్లెపడుచు భుజం దగ్గర గీత తిరిగే తీరు చూస్తే, అది మట్టి పిసికిన చేతి గీతే అనిపిస్తుంది నాకు.

పాత పోస్టు కూడా సరిచేశాను.