మహారాజశ్రీ నల్ల టేపు గారికి

మహారాజశ్రీ నల్ల ఇన్సులేషన్ టేపు గారికి, నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అయితే మా క్షేమంలో మీ చెయ్యేమీ లేదని మొన్ననే తెలిసింది. అందుకే ఈ ఉత్తరం.

మా ఇంట్లో మీ హోదా చిన్నదేం కాదు. టీవీ కింద సొరుగులో కొలువుంటారు. చార్జర్ వైరు మెడ విరిగితే మీరు. మిక్సీ వైరును ఎలుక కొరికితే మీరు. రిమోట్ మూత ఊడినా, చీపురు కట్ట వదులైనా మీరే. పదో ఇరవయ్యో పెడితే వచ్చే పెద్దమనిషి ఇన్ని కాపురాలు చక్కబెట్టడం చూసి మా నాన్నకు మీ మీద బాగా గురి కుదిరింది. "నాలుగు చుట్లు చుట్టు, అదే ఉంటుంది" అన్నది మా ఇంట్లో వేదవాక్యం.

మీ గొప్పతనం ఏమిటంటే, మీరు దేన్నీ బాగుచెయ్యరు. కనబడకుండా చేస్తారు. పెళ్లి సంబంధాలు కుదిర్చే పేరయ్యలకు ఉండే విద్యే ఇది. లోపల ఏముందో ఎవరూ విప్పి చూడకూడదు, చూస్తే మర్యాదగా ఉండదు.

ఇక ఫ్యాను సంగతికి వస్తాను. నాన్న ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న టేబుల్ ఫ్యాను అది. ఒళ్లంతా ఇనుమే. నానమ్మ నవారు మంచం పక్కన దాని చోటు. అది అటువైపు తల తిప్పినప్పుడల్లా నానమ్మ దాని మెడ పట్టుకుని తనవైపు లాక్కునేది. అలా లాగీ లాగీ, అడుగున వైరు బయటికొచ్చే చోట పైతోలు చిట్లింది. అక్కడికి మీరు వేంచేశారు.

ఆ తర్వాత కొన్నాళ్లకు నానమ్మ "చేతులు జివ్వుమంటున్నాయిరా" అనడం మొదలుపెట్టింది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి చేతులు జివ్వుమంటే ఎవరైనా నరాల్ని అనుమానిస్తారు గానీ ఫ్యానును అనుమానిస్తారా? బీ12 మాత్రలు వచ్చాయి. అవి కొన్ని రోజులు పనిచేసేవి, కొన్ని రోజులు చేసేవి కావు. పనిచెయ్యని వారం నాన్న కంపెనీ మార్చి తెచ్చేవాడు.

అసలు కథ ఇప్పుడు తెలిసింది. ఆ ఫ్యానుకు ఉన్నది రెండు పిన్నుల ప్లగ్గు. ఎటు తిప్పి గుచ్చినా దూరుతుంది. ఒకలా గుచ్చితే, చిట్లిన చోట ఇనుముకు తగులుతున్న తీగలోకి ఫేజు, అంటే కరెంటు మోసుకొచ్చే వైపు, వస్తుంది, ఫ్యాను ఒంటి నిండా కరెంటు. తిప్పి గుచ్చితే అదే తీగ న్యూట్రల్, అంటే కరెంటు తిరిగెళ్లే దారి, అవుతుంది, ఫ్యాను సాధుజంతువు. అంటే మా నానమ్మ నరాల ఆరోగ్యం, పొద్దున్నే ఇల్లు ఊడ్చాక ఆ ప్లగ్గును ఎవరు ఎటు తిప్పి పెట్టారన్న దాని మీద ఆధారపడి ఉండేదన్నమాట. కాళ్లు పైకి పెట్టుకుని మంచం మీదే కూర్చునే అలవాటు కాబట్టి జివ్వుమనడంతో సరిపోయింది. ఆ పుణ్యం మంచానిది.

నాన్నకు అనుమానం రాలేదని కాదు. వచ్చింది. వైద్యం కూడా చేశాడు. "చెప్పులేసుకుని ముట్టుకో అమ్మా" అన్నాడు. మన ఇళ్లల్లో ఫ్రిజ్జు పక్కనో, గ్రైండర్ పక్కనో ఒక జత హవాయి చెప్పులు కనిపిస్తే ఎవరో మరిచిపోయి వదిలేశారనుకోకండి. దారి తప్పిన కరెంటును భూమిలోకి పంపే ఎర్తింగు బదులు మాకు అదే.

మొన్న రోహిణి కార్తెలో రోళ్లు పగిలాయో లేదో నేను చూడలేదు గానీ, మీ జిగురు మాత్రం బొట్లు బొట్లుగా కారింది. చుట్టిన కొస ఊడి నాలుకలా వేలాడుతోంది. ఆ రోజు గచ్చు తడిగుడ్డ పెట్టి తుడుస్తున్నాను. ఒట్టి కాళ్లు. ఫ్యానును కాస్త పక్కకు జరుపుదామని కాడ పట్టుకున్నాను. చెయ్యి వదలాలనుకుంటున్నాను, అది వదలట్లేదు. కాలు జారి వెనక్కి పడ్డాను కాబట్టి పట్టు ఊడింది. మోచెయ్యి ఇప్పటికీ నొప్పే. జీవితంలో జారిపడినందుకు దేవుడికి కొబ్బరికాయ కొట్టింది అదొక్కసారే.

మెయిన్ దగ్గర, కరెంటు మోతాదు మించితే ఆపేసే ఎమ్‌సీబీ ఉందిగా, అదేం చేస్తోంది అంటారేమో. హాయిగా ఉంది. అది 16 ఆంపియర్ల మనిషి. ఫ్యాను తిరగడానికే పావు ఆంపియరు చాలు, మనిషిని పైకి పంపడానికి అంత కూడా అక్కర్లేదు. నాలోంచి పోయింది దాని లెక్కలో చిల్లర. ఆ చిల్లరను లెక్కపెట్టేది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకుండా 30 మిల్లీఆంపియర్ల మేర దారి తప్పితే చాలు, టప్పున ఆపేస్తుంది. అది పెట్టించమంటే నాన్న ధర అడిగాడు. తర్వాత మీ ధర గుర్తు చేసుకున్నాడు.

చివరికి ఫ్యానును మా వీధి చివర మోటార్లకు వైండింగ్ చేసే పెద్దాయన దగ్గరికి మోసుకెళ్లాను. ఆయన మిమ్మల్ని ఉల్లిపాయ ఒలిచినట్టు ఒలిచారు. పొర కింద పొర. నడుమ ఒక పొర ఎర్రగా ఉంది, ఆ ఏడు నల్లది దొరకలేదు కాబోలు. అన్నిటికంటే లోపల ఒక పచ్చ వైరు కొస. కొన్ననాడు ఆ ఫ్యానుకు ఎర్తు వైరు ఉండేదట! మా గోడకు రెండు చిల్లుల సాకెట్టే ఉందని ఎవరో మహానుభావుడు మూడు పిన్నుల ప్లగ్గు పీకేసి, ఆ పచ్చ వైరును కత్తిరించి, దాని నెత్తిన మీతో టోపీ పెట్టించాడు.

"దీని మీద మళ్లీ టేపేనా బాబాయ్?" అని అడిగాను.

"టేపు చొక్కాలాంటిదమ్మాయ్. విరిగిన ఎముకకు చొక్కా తొడిగితే అతుక్కుంటుందా?" అన్నారు. ఇలా కదిలే వైరు మధ్యలో అతుకే వెయ్యకూడదట. చెడిన దాకా కోసెయ్యాలి, లేదా మొత్తం కొత్తది వెయ్యాలి. కోస్తే పొట్టిదవుతుంది కదా అన్నాను. పొట్టి వైరు వల్ల ఎవరూ పోలేదన్నారు.

కొత్తది త్రీ కోర్, అంటే లోపల మూడు తీగలున్నది, 0.75 చదరపు మిల్లీమీటర్లది, ఐఎస్ఐ గుర్తు ఉన్నది తెచ్చాను. ప్లగ్గు పూర్తిగా బయటే ఉందని ఆయన ముందు కళ్లతో చూసుకున్నారు. స్విచ్చి కట్టేస్తే చాలదా అంటే ఒప్పుకోలేదు. పాత ఇళ్లల్లో స్విచ్చి న్యూట్రల్ మీద ఉండటం, అంటే కట్టేసినా ఫేజు లోపల బతికే ఉండటం, ఆయన బోలెడు చూశారట. అడుగు మూత విప్పాక ఏ తీగ ఎక్కడుందో నా ఫోన్లో ఫొటో తీయించారు. కెపాసిటర్ మీద చెయ్యి వెయ్యనివ్వలేదు, ప్లగ్గు పీకినా అది కాసేపు కరెంటు దాచుకుని ఉండొచ్చట.

వైరు దూరే రంధ్రానికి కొత్త రబ్బరు బుష్ వేశారు, ఇనుప అంచు మళ్లీ తోలు కొయ్యకుండా. లోపల క్లాంపు కింద పైతోలునే బిగించారు, తీగల్ని కాదు. నానమ్మ ఎంత లాగినా ఆ లాగుడు తోలు మీద ఆగిపోవాలి, స్క్రూల దాకా పోకూడదు. ఒక్క పోగు కూడా తెగకుండా కొసలు ఒలిచి, మెలిపెట్టి, స్క్రూ బిగిసే వైపుకే చుట్టారు. బయటికి పొడుచుకొచ్చిన పోగు ఒక్కటి కూడా ఉండకూడదని కళ్లజోడు సవరించుకుని మరీ చూశారు. ఫేజు వైరు స్విచ్చికి, న్యూట్రల్ వైండింగుకి. పచ్చ వైరును ఫ్యాను ఒంటికి, అదీ రంగు గీకి ఇనుము తేలిన చోట. దాన్ని మిగతా రెండింటికన్నా కాస్త పొడుగ్గా వదిలారు. ఖర్మకాలి వైరు ఊడొచ్చినా అది ఆఖరున ఊడాలట. ప్లగ్గులో ఎర్తు పిన్ను పొడుగ్గా ఉండేదీ అందుకే: ముందు వస్తుంది, చివర వెళ్తుంది. పెళ్లిలో మేనమామలాగా.

రెండు చిల్లుల సాకెట్టు తీసేసి మూడు చిల్లులది పెట్టించడానికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఆ బోర్డు దాకా ఎర్తు వైరు ఎప్పుడో వచ్చి ఉంది, పాపం. వెనకాల ముడుచుకుని కూర్చుంది. దాని కొసకు కూడా మీరే.

మీ తప్పేమీ లేదని నాకు తెలుసు. సరిగ్గా వేసిన అతుకు మీద కప్పమంటే కప్పుతారు, వైర్లన్నీ ఒక కట్టగా ఉంచమంటే ఉంచుతారు. మిమ్మల్ని డాక్టర్ని చేసింది మేమే.

నానమ్మ చేతులు ఇప్పుడు జివ్వుమనట్లేదు. మాత్రలే పనిచేశాయంటోంది. పక్కింటావిడకు కంపెనీ పేరు కూడా రాయించి ఇచ్చింది.

ఇంకో ముఖ్యమైన మాట. ఈ ఉత్తరం రాస్తుండగానే వంటింట్లోంచి మిక్సీ ఆగిపోయిన చప్పుడు, ఆ వెనకే టీవీ కింద సొరుగు లాగిన చప్పుడు వినిపించాయి. మిమ్మల్ని బియ్యం డబ్బాలో అడుగున దాచాను. నాన్న పిలిస్తే పలక్కండి.

ఇట్లు,
మోచేతికి కట్టుతో,
మీ పాత భక్తురాలు