ట్యాంకు మీది రెండో హెల్మెట్టు గారికి

మహారాజశ్రీ రెండో హెల్మెట్టు గారికి,

తమరు ట్యాంకు మీద కూర్చుని క్షేమంగా ఉన్నట్టు యాత్రికులు బస చేసే విష్ణునివాసం ముందు ఆగిన ఏ బైక్ ట్యాక్సీని చూసినా తెలుస్తూనే ఉంది.

తమరు పుట్టింది వెనక కూర్చునే సవారీ తల కోసం. తిరుపతిలో కొలువుకు చేరాక తల తప్ప అన్నీ ఎక్కారు: ట్యాంకు, అద్దం, మోచెయ్యి. లీలామహల్ సర్కిల్లో ఖాకీ చొక్కా కనబడగానే "సామీ, ఒక్క నిమిషం నెత్తిన పెట్టుకోండి" అంటూ వెనక్కి అందుతారు. వెనకాయన ముందుది వెనక్కి తిప్పి పెట్టుకుంటాడు. పట్టీ గాలికి ఊగుతుంటుంది. సర్కిల్ దాటాక మళ్లీ మోచేతికే.

మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ నెత్తిన ఉంటే చాలనలేదు, పట్టీ బిగించమంది. తప్పితే 194డి కింద వెయ్యి రూపాయలు, పైగా మూడు నెలలు లైసెన్సుకు సెలవు. వెనకాయన బోడి తలకు పడ్డ చలానా కూడా బండి నంబరు మీదికే వస్తుంది. అది చేరేసరికి ఆయన సొంతూళ్లో లడ్డు పంచుతుంటాడు. ఇంత తెలిసీ డ్రైవరన్న ఎందుకు గట్టిగా చెప్పడంటే, పట్టీ బిగించే అర నిమిషానికి ఎవరూ బాడుగ ఇవ్వరు. గట్టిగా చెబితే సవారీ ఇంకో బండి పిలుస్తుంది.

సవారీల సంగతి ఇంకా సొగసు. అలిపిరిలో 3,550 మెట్లెక్కడానికి మొక్కుకున్న మనిషికి, అక్కడిదాకా కిలో చిల్లర హెల్మెట్టు బరువైపోతుంది! కొండ దిగి తిరుచానూరు పోయేటప్పుడైతే గుండు, దాని మీద తడి గంధం. గంధం చెదిరిపోతుందని ఆయన బాధ, లోపలి గుడ్డకు అంటుతుందని డ్రైవరు బాధ. పలుచటి నూలు టోపీ ఒకటి డిక్కీలో ఉంటే ఇద్దరి బాధా తీరేది. కొందరు తువ్వాలు చుట్టి దానిపైన తమర్ని నిలబెడతారు. బట్ట జారితే తమరూ జారతారు.

అసలు చిక్కు సైజుది. జుట్టు మీద సరిపోయింది గుండు మీద గిర్రున తిరుగుతుంది. కనుబొమ్మల పైగా టేపు చుట్టి 58 సెంటీమీటర్లొస్తే 580 సైజు పెట్టుకోవాలి. కానీ బండికి ఉండేది ఒకే సైజు, తమరు. పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకు లేపితే ఊడొచ్చిందా, పడ్డప్పుడూ అంతే: తమరొక దిక్కు, తల ఒక దిక్కు. గడ్డానికీ పట్టీకీ మధ్య రెండు వేళ్లకు మించి సందు ఉండకూడదు.

అద్దానికి వేలాడటం మానండి. ఆ మొన లోపలి థర్మకోల్‌ను నొక్కి గుంట చేస్తుంది. దెబ్బను మింగేది ఆ థర్మకోలే, అదీ ఒక్కసారే. నలిగిందంటే మళ్లీ లేవదు. రోడ్డు పక్కన గుట్టపోసి అమ్మే తమ తమ్ముళ్లలో కొందరికి అదీ లేదు, స్పాంజి ముక్కతో సరి. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ ముద్ర లేనివి అమ్మకూడదన్న సంగతి వాళ్లకు ఇంకా చేరినట్టు లేదు.

ఇట్లు,
గాలికూగే పట్టీల తరఫున

తా.క.: ఇది అందేసరికి పెట్రోలు బంకులో ఉంటే ముందు ట్యాంకు దిగండి. లోపల పెట్రోలు చిందితే థర్మకోల్ కరిగిపోతుంది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది.