శిక్షకు చాలా ముందే మొదలవ్వాల్సిన పని

పాఠశాలలో ఒక విద్యార్థి తోటి విద్యార్థిని కొట్టినా, కార్యాలయంలో ఒక అధికారి అందరి ముందూ కింది ఉద్యోగిని అవమానించినా, వ్యవస్థ సాధారణంగా అడిగేవి మూడే ప్రశ్నలు: ఏ నిబంధనను ఉల్లంఘించారు, ఎవరు ఉల్లంఘించారు, వారికి ఏ శిక్ష వేయాలి. ఈ మూడింటికీ జవాబు దొరికితే ఫైలు మూతపడుతుంది. దెబ్బతిన్న మనిషి మర్నాడు అదే గదిలో, అదే వ్యక్తి ఎదుట ఎలా కూర్చోవాలన్నది ఆ ఫైలులో ఎక్కడా కనిపించదు. రెస్టొరేటివ్ ప్రాక్టీస్ అనే పద్ధతి పట్టించుకునేది ఆ మిగిలిపోయిన భాగాన్నే. ఎవరికి నష్టం జరిగింది, వారికి ఇప్పుడు ఏం కావాలి, దాన్ని తీర్చాల్సిన బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నలతో అది మొదలవుతుంది. అమెరికా పండితుడు హోవార్డ్ జెహర్ ఈ ఆలోచనకు స్పష్టమైన రూపం ఇచ్చారు.

ఈ పద్ధతి పుట్టింది నేర న్యాయ వ్యవస్థలో. 1974లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, ఎల్మైరా అనే చిన్న పట్టణంలో ఇద్దరు యువకులు 22 చోట్ల ఆస్తులను ధ్వంసం చేశారు. నేరం చేసినవారిని జైలు బయట పర్యవేక్షించే ప్రొబేషన్ అధికారి మార్క్ యాంట్జీ చొరవతో, న్యాయమూర్తి అంగీకారంతో, ఆ ఇద్దరూ తాము నష్టపరిచిన వారి గుమ్మాల ముందుకు స్వయంగా వెళ్లి, జరిగిన నష్టం ఎంతో వారి నోటనే విని, తర్వాత పరిహారం చెల్లించారు. 1989లో న్యూజిలాండ్ చేసిన చట్టం, అక్కడి మూలవాసులైన మావోరీల కుటుంబ సంప్రదాయాలను గౌరవిస్తూ, పిల్లల కేసుల్లో కుటుంబమంతా కూర్చుని నిర్ణయం తీసుకునే విధానాన్ని తెచ్చింది. 1994లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మార్గరెట్ థోర్స్‌బోర్న్ ఇలాంటి సమావేశాన్ని పాఠశాలలో జరిపించారు. కార్యాలయాలకు ఇది మరింత ఆలస్యంగా చేరింది.

కోర్టు నుంచి వచ్చిన ఈ వారసత్వమే పాఠశాలల్లో ఒక అపార్థానికి దారితీసిందని నా అభిప్రాయం. తప్పు జరిగాక, సస్పెన్షన్‌కు బదులుగా వాడే మెత్తని పరికరంగానే చాలా సంస్థలు దీన్ని చూస్తున్నాయి. కోర్టులో ఎదురుపడేవారు చాలాసార్లు అపరిచితులు, ఆ తర్వాత ఎవరి దారి వారిది. తరగతిలోనూ కార్యాలయంలోనూ అలా కాదు, గొడవకు ముందూ తర్వాతా కలిసి బతకాల్సినవారే. తప్పు చేసినవాణ్ణి దూరం పెట్టే అవమానానికీ, చేసిన పనిని ఖండిస్తూనే మనిషిని తిరిగి తమలో కలుపుకునే పద్ధతికీ చాలా తేడా ఉందని ఆస్ట్రేలియా నేరశాస్త్రవేత్త జాన్ బ్రైత్‌వైట్ 1989లో వివరించారు. ఆ రెండోది పనిచేయాలంటే అతనికి ముందే అక్కడ ఒక చోటు ఉండాలి. అక్కడ ఎవరి దృష్టిలోనైనా తన గౌరవం పోతుందన్న దిగులే లేని పిల్లవాడికి, తనను ఎన్నడూ పేరుపెట్టి పలకరించని ఉపాధ్యాయుల మధ్య జరిగే సమావేశం మరో విచారణగానే అనిపిస్తుంది.

అందుకే అసలు పని మామూలు రోజుల్లో జరగాలి. వారానికోసారి అందరూ గుండ్రంగా ఒక వలయంలా కూర్చోవడం, ఒక వస్తువు చేతులు మారుతూ వెళ్తుంటే అది ఎవరి చేతిలో ఉంటే వారే మాట్లాడటం, మిగిలినవారు వినడం చూడటానికి చిన్న విషయాలే. ఎప్పుడూ నోరు విప్పని విద్యార్థికి మాత్రం తన వంతు తప్పక వస్తుందన్న హామీ అక్కడే దొరుకుతుంది. పాఠం మధ్యలో అల్లరి చేస్తున్నవాడితో "నోరు మూసుకో" అనే బదులు, "నువ్వు ఇలా మాట్లాడుతుంటే చెప్పేది మధ్యలో ఆగిపోతోంది, నాకు కష్టంగా ఉంది" అని ఉపాధ్యాయురాలు చెప్పడం కూడా ఈ సాధనలో భాగమే.

పరిశోధనలు కూడా మనల్ని జాగ్రత్తగా ఆలోచించమంటున్నాయి. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 44 పాఠశాలల్లో రెండేళ్లపాటు సాగిన ప్రయోగంపై రాండ్ అనే పరిశోధన సంస్థ 2018లో నివేదిక ఇచ్చింది. ఈ పద్ధతి అమలైన చోట సస్పెన్షన్లు తగ్గాయి, వాతావరణం మెరుగైందని ఉపాధ్యాయులు చెప్పారు. విద్యార్థుల నుంచి మాత్రం అలాంటి మాట రాలేదు, పైగా 6 నుంచి 8 తరగతుల్లో చదువు ఫలితాలు కొంత దిగజారాయి. అమెరికాలోనే మెయిన్ రాష్ట్రంలో పలు పాఠశాలలపై జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలోనైతే, శిక్షణ పొందిన పాఠశాలలకూ మిగిలినవాటికీ చెప్పుకోదగ్గ తేడాయే కనబడలేదు. అయితే ఈ పద్ధతులను తాము నిజంగా చవిచూశామని చెప్పిన విద్యార్థుల్లో పాఠశాలతో అనుబంధం ఎక్కువగా, ఆన్‌లైన్ వేధింపులు తక్కువగా ఉన్నాయి. అప్పటికే పాఠశాలకు దగ్గరైన పిల్లలే అలా చెప్పి ఉండవచ్చన్న సందేహాన్ని కొట్టిపారేయలేం. అయినా ఉపాధ్యాయులకు శిక్షణ ఇప్పించినంత మాత్రాన పిల్లలకు అనుభవం మారదన్న సంగతి ఈ ఫలితాల్లో తేటతెల్లమవుతోంది.

కార్యాలయంలో చిక్కు ఇంకా జటిలం, ఎందుకంటే అక్కడ ఎదురుగా కూర్చున్నవారి చేతిలోనే జీతమూ పదోన్నతీ ఉంటాయి. నిర్ణయం తమకు వ్యతిరేకంగా వచ్చినా, తమ మాట విని, కారణం చెప్పి, ఇకపై ఏం ఆశిస్తున్నారో స్పష్టం చేస్తే ఉద్యోగులు దాన్ని మనస్ఫూర్తిగా పాటిస్తారని నిర్వహణ శాస్త్ర నిపుణులు చాన్ కిమ్, రెనే మోబోర్న్ 1997లో రాశారు. ఇంగ్లండ్‌లో మానసిక ఆరోగ్య సేవలందించే మెర్సీ కేర్ ట్రస్ట్, భద్రతా రంగ పరిశోధకుడు సిడ్నీ డెక్కర్ ఆలోచనల ఆధారంగా, పొరపాటు జరిగినప్పుడు దోషిని వెతకడం కంటే నష్టపోయిన రోగులనూ సిబ్బందినీ ముందు పట్టించుకునే విధానానికి మారింది. అక్కడ క్రమశిక్షణ కేసులు గణనీయంగా తగ్గాయి. అలాంటి మార్పు రావాలంటే పైఅధికారులు కూడా తమ నిర్ణయాలకు ఆ వలయంలోనే జవాబు చెప్పాలి. కింది ఉద్యోగి ఒక్కడే మనసు విప్పాల్సిన సమావేశాన్ని యాజమాన్యం ఏ పేరుతో పిలిచినా, అతను దాన్ని నమ్మడు, నమ్మనవసరమూ లేదు.

ఇది తప్పు చేసినవారిపై మెతకదనమని విమర్శించేవారికి ఒక మాట చెప్పాలి. గట్టి అంచనాలూ గట్టి అండా రెండూ కలిసి ఉండాలన్నది ఈ పద్ధతిని ప్రచారం చేసిన టెడ్ వాచ్‌టెల్ వంటివారు మొదటినుంచీ చెబుతున్నదే. మూడు రోజులు ఇంట్లో కూర్చోవడం కంటే, తన వల్ల ఏడ్చినవారి ముఖం చూసి మాట్లాడటం ఏ పిల్లవాడికైనా కష్టం. నన్ను నిజంగా కలవరపెట్టే ప్రమాదం వేరే ఉంది. లైంగిక వేధింపుల్లో, ఏళ్లతరబడి సాగిన బెదిరింపుల్లో బాధితులను "రండి, కూర్చుని మాట్లాడుకుందాం" అని ఒత్తిడి చేయడం రెండోసారి గాయపరచడమే. వారు తమంతట తాము కోరితే తప్ప ఆ సమావేశం జరగకూడదు, చట్టపరమైన దారి ఎప్పుడూ తెరిచే ఉండాలి.

ఈ దారిలో నడవాలనుకునే సంస్థ ముందుగా కాలపట్టికలో సమయం కేటాయించాలి. చివరి గంట మిగిలితే చేద్దామనుకున్న పని ఎన్నటికీ జరగదు. స్టాఫ్‌రూమ్‌లో ప్రధానోపాధ్యాయుడి అనుమానాలకు నలిగిపోతున్న ఉపాధ్యాయురాలు తరగతిలో నమ్మకం పంచలేదు కనుక, మొదటి వలయం పెద్దల మధ్యే జరగాలి. ఫలితాన్ని కొలవడానికి సస్పెన్షన్ల సంఖ్య ఒక్కటే చాలదు, ఎందుకంటే ఒక్క మౌఖిక ఆదేశంతో కూడా దాన్ని తగ్గించవచ్చు. ప్రతి సమావేశం జరిగిన నెల తర్వాత, అక్కడ ఇచ్చిన మాటలు నిలబడ్డాయా లేదా అని దెబ్బతిన్నవారినే విడిగా అడిగి, వారి జవాబును రికార్డులో రాయాలి.